అల్లుడి కారుకు ఒక్క సెకను

“బావా, మీ కారు సిగ్నలు దగ్గర నిద్రపోయి లేస్తుంది. పచ్చ లైటు చూసి, ఒళ్ళు విరుచుకుని, అప్పుడు కదులుతుంది.”

“గట్లనా బామ్మర్ది? రాయచూరుల రెండు బండ్లు నడిపి సూసినంకనే కొన్న. నిలవడ్డ కాడికెల్లి ఉరికించి సూడు, నీది నా ఎనకనే ఉంటది.”

“మీది వంద అందుకునేలోపు నేను ఇంటికెళ్ళి రెండు పెసరట్లు తినేసి వస్తాను.”

“ముందుగాల నీ నోటికి బ్రేకెయ్యి. రోడ్డు మీదికి రా, ఫైసల అయితది.”

ఒక సాయంత్రం మా వరండాలో నేను కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే నా కొడుకూ, అల్లుడూ అలా వాదించుకున్నారు. ఆ రోజుల్లో మా క్యాంపులో (తుంగభద్ర కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన మావాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులనే అంటారు) కారు కొన్నవాడు పొలం మాట మానేసి కారు మాటే మాట్లాడేవాడు. ఇద్దరివీ అయిదుగురు కూర్చునే మామూలు ఇంటి కార్లే. కంపెనీలు వేరు, అంతే. నా కళ్ళకు ఒకటి తెల్లది, ఒకటి బూడిద రంగుది. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఏ కారు ఎన్ని సెకన్లలో ఎంత వేగం అందుకుంటుందో నాకేం తెలుసు? డిక్కీ ఎత్తి, ఎన్ని బస్తాలు పడతాయో చూసి కారు మంచిదో కాదో చెప్పేదాన్ని.

అల్లుడుగారిది చంద్రబండ వైపు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు, మెట్ట సేద్యం, పత్తీ జొన్నా. మాటా వేరు, తిండీ వేరు. (సంబంధం కుదిరినప్పుడు నేను వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.) పెళ్ళయిన నాలుగేళ్ళూ ఆయన బస్సులోనే వచ్చేవారు. కవితాళలో దిగితే మావాడు కారులో వెళ్ళి తీసుకొచ్చేవాడు. దారి పొడుగునా ఆ కారు గొప్పలు వింటూ ఆయన వెనక సీట్లో కూర్చునేవారు. ఆ ఏడు పత్తి బాగా పండింది. సొంత కారు మా వాకిట్లో ఆపి దిగినప్పుడు ఆయన నడకే మారిపోయింది. ఆ నడక నిలబెట్టుకోవడానికే పందేనికి ఒప్పుకున్నారని నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని బయటపెట్టలేదు.

పని ఏమిటంటే, అమ్మాయిని వట్టి కారులో పంపడం నా వల్ల కాదు. కారు ఎలాగూ వెళుతోంది, డిక్కీ ఖాళీగా ఎందుకు పోవాలి? ఎదురుగా అడిగితే “మా ఇంట్ల బియ్యానికి తక్కువేం లేదత్తమ్మా” అని ప్రతిసారీ దణ్ణం పెట్టేవారు అల్లుడుగారు. అందుకని ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా అమ్మాయి దగ్గర తాళం చెవి తీసుకుని, పాతిక కిలోల సోనా బియ్యం సంచులు ఆరు సర్దించి, పైన పాత దుప్పటి కప్పాను. ఊరు చేరాక చూసుకుంటే తిరిగి తేలేరు కదా అని. కారు వెనక వైపు కాస్త కిందికి దిగింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. పందెం సంగతి అప్పటికింకా ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం అందరం కాలువ రోడ్డు మీదికి వెళ్ళాం. కోతల రోజులు కనక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చారు. రెండు కార్లు పక్కపక్కన పోయే వీలు లేదు. ఒకరి తర్వాత ఒకరు వంతెన దగ్గర నుంచి తూము దాకా రావాలి. వంతెన దగ్గర మా అమ్మాయి తువ్వాలు దించాలి, తూము దగ్గర నేను మా ఆయన పాత గడియారం పట్టుకుని సెకన్లు చూడాలి. నన్నే ఎందుకంటే, “అత్తమ్మ అయితే కొడుకని సూడది, అల్లుడని సూడది. ఉన్నది ఉన్నట్టు చెప్తది” అన్నారు అల్లుడుగారు. ఆ మాటకే నేను నోరు విప్పాల్సింది. విప్పితే అక్కడికక్కడే సంచులు దింపించేవారు. ఆరు సంచులూ నా కళ్ళ ముందు మెదిలాయి. నోరు మూసుకున్నాను.

మావాడికి పద్నాలుగు సెకన్లు. అల్లుడుగారికి పదిహేను.

“ఒక్క సెకనేనా అమ్మా? సరిగ్గా చూశావా?” అని మావాడు ఎగిరాడు. అల్లుడుగారు కారు దిగి, చుట్టూ తిరిగి, నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశారు. “ఏందో ఇయ్యాల బండి గుంజుతలేదు” అన్నారు మెల్లగా. “బండి అదే బావా, నడిపేవాడిది నేర్పు” అన్నాడు మావాడు. వాడు ఆ మాట హోటలు దాకా మోసుకుపోయి, క్యాంపంతా పంచిపెట్టాడు.

అమ్మాయి నా కొంగు పట్టుకుని వంటింట్లోకి లాగింది. “అమ్మా, బియ్యం సంగతి చెప్పెయ్యవే. అన్నం కూడా సరిగా తినలేదు ఆయన.”

“నోర్ముయ్. ఒక్క సెకనుకి ఏం కొంప మునిగింది? చెబితే బియ్యం వదిలేసి పోతారు.”

కానీ నాకు బియ్యం ఒక్కటే కాదు. కొడుకు గెలిచాడని లోపల ఒక మూల సంతోషంగా ఉంది. గడియారం అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇన్నేళ్ళకూ ఆ సెకను నాలో నుంచి పోలేదు. అల్లుడుగారు ఇప్పటికీ వస్తారు, కడుపునిండా తింటారు, నా మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతారు. కారు తాళం చెవి మాత్రం తలగడ కింద పెట్టుకుని పడుకుంటారు. దుప్పటి మార్చడానికి వెళ్ళినప్పుడల్లా అది చూసి నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు.

పందెం మర్నాడు పొద్దున్నే వాళ్ళు బయల్దేరారు. బట్టల బ్యాగు పెట్టడానికి ఆయన డిక్కీ ఎత్తారు. దుప్పటి తీశారు.

“ఇవి ఎప్పుడు పెట్టిన్రు అత్తమ్మా?”

“నిన్న మధ్యాహ్నం, మీరు పడుకున్నప్పుడు.”

“పందెం కన్న ముందుగాలనా?”

“ముందే.”

మావాడు నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చి, సంచులు చూసి అక్కడే ఆగిపోయాడు. అల్లుడుగారు చొక్కా చేతులు మడుచుకుని, ఒక్కో సంచీ భుజాన వేసుకుని, ఆరూ తెచ్చి వరండాలో వరసగా పేర్చారు. పాత దుప్పటి మడతపెట్టి వాటి మీద పెట్టారు. ఎప్పటిలాగే వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టారు. “పోయొస్త అత్తమ్మా” అన్నారు. అమ్మాయి నా వైపు చూడకుండా కారెక్కింది. కారు కాలువ రోడ్డెక్కి, ఆరబోసిన వడ్ల మీదికి చక్రం పోకుండా, మెల్లగా వంతెన దాటి వెళ్ళిపోయింది.