కణుపుల మీద స్కేలు

అమెరికాలో పుట్టిన మా అమ్మాయి ఏడో ఏట తెలుగుకు ఎదురు తిరిగింది. నేపర్‌విల్‌లో ఆదివారం తెలుగు క్లాసు హోంవర్కు ముందేసుకుని కూర్చుంటే, నేనేం అడిగినా ఇంగ్లీషులోనే జవాబు. "ఐ హేట్ దిస్, అమ్మా" అంటూ పుస్తకం నెట్టేసేది. దెబ్బకు దయ్యమైనా దిగొస్తుందని నమ్మి పెరిగినదాన్ని నేను. మా బడిలో మాస్టారు చేసినట్టే చెయ్యి బోర్లించమని, చెక్క స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద కొట్టాను. ఒక్కసారి కాదు. చర్మం చిట్లి నెత్తురొచ్చిన రోజు కూడా, భాష పోతే ఇక మిగిలేదేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. ఆ మర్నాడే ఇక్కడి ఆదివాసీ తెగ పొటవాటమీకి చెందిన ఒక ముసలావిడ దగ్గరకు నన్ను పంపారు. మా ఇళ్లున్న ఈ నేల ఒకప్పుడు వాళ్లదే. ఆవిడ కుడిచేతి వేళ్లు రెండు వంకరగా అతుక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడు విరిగాయని అడిగాను.

"ఆరేళ్లప్పుడు, మా భాష మాన్పించడానికి సర్కారు పెట్టిన బోర్డింగ్ స్కూల్లో," అంది ఇంగ్లీషులో. "చెల్లిని మా భాషలో పిలిచానని టీచరు రూళ్లకర్రతో కొట్టింది. నేను ఏడ్చిందీ మా భాషలోనే. అందుకని ఇంకా కొట్టింది."

నేను వేళ్లు సాగదీస్తుంటే పంటి బిగువున చెప్పుకుపోయింది. ఇండియానాలో వాళ్ల పూర్వీకులు చర్చిలో ఉండగా, భూమి ఖాళీ చేయించడానికి సైనికులు తుపాకులతో చుట్టుముట్టారట. గుడిసెలు తగలబెట్టి కాన్సాస్ దాకా నడిపించారట. దారి పొడవునా పసిపిల్లలు జ్వరంతో, దాహంతో రాలిపోతుంటే పాతిపెట్టడం, మళ్లీ తుపాకుల ముందు నడవడం.

"మరి మీ పిల్లలకు మీ భాష నేర్పారా?" అన్నాను.

"నేర్పడమా! మా అమ్మాయి ఒకసారి నా నోట విన్న మాటే తిరిగి అంది. చెంప పగలగొట్టాను. ఎవరో కొట్టేలోగా నేనే కొట్టి మాన్పించాలనుకున్నా. ఇప్పుడు ఆ భాషలో నాతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. అమ్మాయి రావడమే మానేసింది."

ఆవిడ వేళ్లు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. నా చెయ్యి చూసుకుంటే నాకే అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే స్కేలు విరిచి చెత్తడబ్బాలో పారేశాను. క్షమించమని అడగాలని, "బంగారం, ఇలా రా" అని పిలిచాను. వచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి తనే బోర్లించి చాపింది.

"అమ్మా, నేను తెలుగే మాట్లాడుతా. మెల్లగా కొట్టు."

ఆ మాటల్లో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు.