బంతి తగలని గోల్

నా చిన్నప్పుడు దోహాలో మా సండే స్కూలు శుక్రవారం జరిగేది. సెలవు ఆ రోజే గనక మదీనత్ ఖలీఫా అనే పేటలోని ఒక విల్లాలో తెలుగు విశ్వాసులమంతా చేరి ఆరాధించుకునేవాళ్ళం. దేవుడు నాకు మంచి జ్ఞాపకశక్తి ఇచ్చాడు. దానితోపాటు కాస్త గర్వం నేనే తెచ్చుకున్నాను. ఒక శుక్రవారం పక్కింటి చెల్లి కీర్తన అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయింది. అందరి కళ్ళూ దానిమీదే. నేను టక్కున అందుకుని చివరిదాకా చెప్పేశాను. చప్పట్లన్నీ నాకే. అది ఏడ్చేసి, క్రిస్మస్ ఆరాధనలో చెప్పాల్సిన కీర్తన ఇక చెప్పనంది.

మాకు వాక్యం నేర్పే మామయ్య మా అమ్మ వాళ్ళ ఊరివాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ సాయంత్రం వాళ్ళ యజమాని ఇచ్చిన టికెట్లతో నన్నూ నాన్ననూ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్ళాడు. దారంతా ఒకటే కబురు, ఇక్కడి క్లబ్బుకు కొత్తగా వచ్చిన దక్షిణ అమెరికా ఫార్వర్డ్ గురించి. మట్టి వీధుల్లో ఉత్తకాళ్ళతో మొదలుపెట్టి, యూరప్‌లో గోల్స్ మీద గోల్స్ కొట్టి, మోకాలి ఆపరేషన్ తర్వాత వేగం తగ్గి ఇటు వచ్చాడట.

అరగంట గడిచినా ఆయన ఒక్క గోల్ కొట్టలేదు.

"ముసలాడైపోయాడు మామయ్యా. బంతి ఒకవైపుంటే ఈయన ఇంకోవైపు పరిగెడతాడేంటి?" అన్నాను.

"ఓ పని చెయ్యమ్మా. కాసేపు బంతిని మర్చిపో. ఆయన్నే చూడు."

"ఇక్కడ కూడా సండే స్కూలేనా బావా?" అని నాన్న నవ్వాడు.

చూశాను. ఆయన బంతి నాకే అన్నట్టు చెయ్యెత్తి మూలకు ఉరికాడు. అవతలి జట్టు డిఫెండర్లు ఇద్దరూ ఆయన వెంటపడ్డారు. మధ్యలో దారి ఖాళీ అయింది. ఆ ఖాళీలోంచి ఆయన జట్టులోని బక్కపల్చటి కుర్రాడొకడు దూసుకొచ్చి గోల్ కొట్టాడు. జనమంతా కుర్రాడి పేరు అరుస్తుంటే, బంతి తగలను కూడా తగలని ఆ పెద్దాయన పరిగెత్తుకొచ్చి వాడిని ఎత్తుకుని, అందరికన్నా ఎక్కువగా నవ్వాడు. మామయ్య నావైపు చూశాడంతే.

ఇంటికి రాగానే పక్కింటి తలుపు తట్టి, క్రిస్మస్‌కు కీర్తన నువ్వే చెప్పాలన్నాను.

"మళ్ళీ నువ్వే చెప్పేస్తావుగా అక్కా," అంది చెల్లి.

"ఒట్టు, చెప్పను. పక్కన నిలబడతానంతే."

క్రిస్మస్ ఆరాధనలో అది సరిగ్గా అక్కడే ఆగిపోయింది. తర్వాతి మాట నా పెదవుల మీదే ఉంది. విల్లా అంతా దాని ముఖంకేసే చూస్తోంది. ప్రభువా అనుకుని, పాటలకు వాయించడానికి పట్టుకున్న కంజీరను వదిలేశాను. అది గచ్చు మీద పడి, గలగలమంటూ వరండా దాకా దొర్లింది. తలలన్నీ అటు తిరిగాయి. అమ్మ నన్ను కళ్ళతోనే కాల్చేసింది. "ఈ పిల్లకి చేతులు ఊరుకోవు కదా," అన్నారెవరో వెనకనుంచి. ఈలోగా చెల్లి ఊపిరి పీల్చుకుంది. మాట దొరికింది. కీర్తన చివరిదాకా చెప్పింది. చప్పట్లు మొదలుపెట్టింది నేనే. మామయ్య కంజీర తెచ్చి నా చేతిలో పెడుతూ, "మంచి పరుగు తీశావమ్మా," అన్నాడు.

దేవుని కృపవల్ల ఇప్పటికీ ఈ దేశంలోనే ఉన్నాను. శుక్రవారం సండే స్కూలు పిల్లల బాధ్యత ఇప్పుడు నాది. ఎవరికైనా మాట ఆగిపోతే నా చేతిలోంచి తాళాలగుత్తో కళ్ళజోడో జారిపడుతుంది. ఆంటీకి వయసు మీదపడిందని పిల్లలంతా నావైపు తిరిగి నవ్వుకుంటారు. వాళ్ళ నవ్వు ఆగేలోగా ఆ బిడ్డకు వాక్యం గుర్తొస్తుంది.