గాజుపుల్లకు తెలియని చలి

మొన్న బుధవారం పొద్దున మా పక్కింటి వదిన కన్నుమూసింది. నాకు ఆమె వదిన, ఆమెకు నేను వదినను. చుట్టరికమేమీ లేదు, మధ్యలో ఒక పిట్టగోడ, అంతే. నేను మా ఆయన ప్లాంటు ఉద్యోగం వెంట కోస్తా నుంచి పటాన్‌చెరు వచ్చినదాన్ని. ఆమెది ఇక్కడికి దగ్గర్లోని ముత్తంగి ఊరి రైతు కుటుంబం. ఇనుప సామాను రుద్ది శుభ్రంచేసే షెడ్డులో పనిచేసేది. రోజూ షిఫ్టుకు వెళ్తూ తాళంచెవి నా చేతికిచ్చేది. టిఫిన్ సంచిలో పాతచీరల బొంత ఒకటి మడిచి ఉండేది. ఇనుప స్టూలు మీదైనా, మా ఇంటి షాబాదు బండల మీదైనా అది పరవందే కూర్చునేది కాదు.

"మా బండలు శుభ్రంగానే ఉంటాయి" అని ఒకసారి నొచ్చుకున్నాను.

"సాఫ్ గురించి కాదు వదినె. బండ మనిషిని తాగుతది" అంది. నవ్వి ఊరుకున్నాను.

పదిహేనేళ్ళ కిందటి మాట. మా అమ్మాయికి నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. సంగారెడ్డి డాక్టరమ్మ ఇంటికి పంపుతూ, రోజూ బరువు చూసి రాయమంది. రాతకోతల్లో నాకు పట్టింపు ఎక్కువ. స్టీలు పళ్ళెం ఉన్న కాటా తెప్పించి, చలికాలం పొద్దున ఆరింటికి పిల్లను బట్టలు విప్పి తూచేదాన్ని. గుడ్డ వేస్తే దాని బరువు కలుస్తుందని వట్టి పళ్ళెంలోనే పడుకోబెట్టేదాన్ని. ముల్లు నిలిచేదాకా తీయనిచ్చేదాన్ని కాదు.

"అమ్మా, పళ్ళెం మంచులా ఉందే" అంది అమ్మాయి.

నేను చదువుకున్నదాన్ని. గోడకు వేలాడే గాజు థర్మామీటరు తెచ్చి పళ్ళెం మీద ఉంచాను, గుడ్డ మీద ఉంచాను. రెండుచోట్లా ఒకే అంకె. "నీ భ్రమ" అన్నాను.

పిల్ల రోజురోజుకూ తగ్గుతోంది. పాలు సరిగా పట్టడం లేదని అమ్మాయినే కోప్పడ్డాను. ఐదోరోజు పిల్ల పళ్ళెంలో ఏడవలేదు. అలవాటు పడిందనుకుని బరువులు రాసే పుస్తకం తెరిచాను. అప్పుడే వదిన తాళంచెవితో వచ్చింది.

"ఏందిది వదినె! పిల్ల పెదవులు నీలంగైనయ్, కండ్లు లేవా నీకు?"

తాళంచెవి కిందపడింది. పిల్లను లాక్కుని రొమ్ముకు ఆనించుకుంది, కొంగు కప్పింది, పైన బొంత చుట్టింది.

"పళ్ళెం, గుడ్డ ఒకే వేడి. నేను కొలిచాను" అన్నాను.

"చేతితోని సూశినవా, గాజుపుల్లతోని సూశినవా?" నా కుడిచేతిని పళ్ళానికి అదిమింది. "ఎడమది బొంత మీద పెట్టు. ఏది సల్లగుంది?"

"పళ్ళెం."

"గాజుపుల్లకు పోగొట్టుకునే వేడి లేదు వదినె. పిల్లకుంది. బొంత ఉన్న వేడిని ఉండనిస్తది, ఇనుము జల్దీ గుంజుకుంటది. ఏడుస్తలేదని ఖుషీ అయితున్నవా? ఏడ్వనీకె ఒంట్ల సత్తువ లేదు దానికి!"

గడియారం చూశాను. పది నిమిషాలు. ఇరవై. ఫ్యాక్టరీ సైరను మోగింది, ఆమె కదల్లేదు. అమ్మాయి గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. ముప్పై నాలుగో నిమిషంలో బొంతలోంచి సన్నని ఏడుపు వచ్చింది. ఆటో పిలిచి అలాగే సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా పిల్ల వదిన రొమ్ము మీదే ఉంది.

పిల్ల ఇంటికొచ్చాక ఆ బొంత నాకిస్తూ అంది: "ఇంత సదువుకున్నవ్, తీసివేత రాదా వదినె? బొంతను ముందుగాల తూచు. దాంట్ల చుట్టి పిల్లను తూచు. అండ్లకెల్లి ఇది తీసెయ్." ఆనాడే పుస్తకంలో బొంతకొకటి, పిల్లకొకటి రెండు గళ్ళు గీశాను. నెల తిరిగేసరికి పిల్ల గడిలో అంకె పెరగడం మొదలైంది.

బుధవారం వదినను వాళ్ళ ముందుగదిలో బండల మీదికి దించబోతుంటే, పదిహేనేళ్ళ నా మనవరాలు ఇంటికి పరుగెత్తి ఆ బొంత తెచ్చి పరిచింది.

"వట్టి నేల మీదనే పండవెట్టాలె బిడ్డా, గట్ల పరవద్దు" అన్నారు వాళ్ళ పెద్దలు.

పిల్ల నావైపు చూసింది. పద్ధతి తప్పితే ఊరుకోనిదాన్నని ఆ వీధిలో అందరికీ తెలుసు. వదినకిక పోగొట్టుకునే వేడి లేదని, బండైనా బొంతైనా ఆమెకు ఒకటేనని నాకూ తెలుసు.

"ఉండనివ్వండి" అన్నాను.

పిల్ల బొంత ముడతలు అరచేత్తో సరిచేసింది. వదినను దాని మీద పడుకోబెట్టాక, ఆమె చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, లేవమనేదాకా అక్కడే కూర్చుంది.