పందులకీ మాకూ ఒకటే బస్తా

చిన్నప్పుడు మా ఇంట్లో పందులకీ మాకూ ఒకటే బస్తా... నవ్వకండి, నిజంగానే. తెలగపిండి బస్తా.

ఖరగ్‌పూర్‌లో నాన్నది రైల్వే వర్క్‌షాప్‌లో పని. అమ్మ ఇంటి వెనక దడి కట్టి పందుల్ని పెంచేది. తవుడూ కుడితీ ఎంత పోసినా ఎదిగే పందులకి చాలదట. "సెక్క పడితేనే కండ పడతాది" అనేది. అందుకని ఖరిదా బజారులో నూనె మిల్లు నుంచి నువ్వుల చెక్క, అదే తెలగపిండి, తెప్పించి, నానబెట్టి, తవుడులో కలిపి పెట్టేది.

బెంగాలీ వాళ్లకి అది ఖోల్... పశువుల మేత. మనకేమో కమ్మటి కూర! బస్తా విప్పగానే అమ్మ పైనున్న మంచి పిండి చేటలోకి తీసి దాచేది. ములగాకు వేసి, వెల్లుల్లి పోపు పెట్టేది. మిగతాది పందులకి. మా పక్కింటి బెంగాలీ దాదా అది చూసి ముక్కున వేలేసుకునేవాడు.

ఓసారి కొత్త బస్తా వచ్చింది. నాన్న సిక్కోలులో ఏదో పెళ్లికి వెళ్లాడు. ఆ రాత్రి తెలగపిండి కూర. తమ్ముడు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

తెల్లారి చూస్తే ఒక పంది నోట నురగతో పడి ఉంది. ఇంకోటి వెనక కాళ్లు ఈడుస్తోంది. అమ్మ తొట్టిలోకి చూసింది... అడుగున తడి తెలగపిండి. తర్వాత మా ఇద్దరి వైపు చూసింది.

అరవలేదు. అరిచి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు.

"ఎంత తిన్నార్రా మీరు... ఎంత తిన్నారు?" అని గొణిగింది. వడ్డించింది తనే కదా! తనూ అదే కూర తిన్న సంగతి మాత్రం ఆవిడకి గుర్తే లేదు.

ఉప్పునీళ్లు తాగించి కక్కించింది. నీళ్లే వచ్చాయి గానీ కూర ఎక్కడుంది, ఎప్పుడో అరిగిపోయింది. చెక్క ముక్క ఒకటి కొంగున ముడేసుకుని, మమ్మల్ని రిక్షా ఎక్కించింది. దారిలో తమ్ముడు ఆవులిస్తే వీపు మీద ఒక్కటిచ్చింది. "కళ్లు ముయ్యకురా... ముయ్యకు!"

నాకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. చెప్పలేదు. చెబితే అమ్మకి ఏమైపోతుందోనని భయం.

డాక్టరు చెక్క విరిచి వాసన చూశాడు. మా పొట్టలు నొక్కి చూశాడు. సాయంత్రం దాకా కనిపెట్టి ఉండమన్నాడు, వాంతులైతే వెంటనే తీసుకురమ్మన్నాడు. అంతే. ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాం... అమ్మకి అటొకరం, ఇటొకరం. మధ్యాహ్నానికి మొదటి పంది చచ్చిపోయింది. రెండోది మూలిగినప్పుడల్లా అమ్మ మమ్మల్ని దగ్గరికి లాక్కునేది. నేను తమ్ముడి పొట్ట మీద చెయ్యేసి, వాడు ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని చూస్తూ కూర్చున్నాను. అంత పొడుగు పగలు నేను మళ్లీ చూడలేదు.

పొద్దువాలాక దాదా ఆఫీసు నుంచి వచ్చి దడి అవతల కేకలు మొదలెట్టాడు. మా పందులు దడి కింద సందు చేసుకుని వెళ్లి ఆయన గులాబీ మొక్కల్ని కుళ్లగించేశాయట! నిన్ననే వాటికి ఎరువుగా ఆముదం చెక్క వేశాడట.

అమ్మ గబుక్కున లేచింది. ఆముదం చెక్క తింటే పశువు బతకదని ఆవిడకి తెలుసు.

"ఆవుదం సెక్కేనా దాదా? నిజివేనా?"

ఆయన లోపలికెళ్లి మిగిలిన సంచీ తెచ్చి చూపించాడు. అమ్మ అందులోంచి ఓ ముక్క చేతిలోకి తీసుకుని చూసి, అక్కడే మట్టిలో కూలబడి బావురుమంది. పొద్దున్నించీ ఆపుకున్న ఏడుపంతా అప్పుడే వచ్చింది. దాదా గులాబీల ఊసే మర్చిపోయాడు, పాపం.

మాకు తెలగపిండి వండటం ఆ రోజుతో మానేసింది. నువ్వుల చెక్క తప్పేం లేదని తెలిసినా సరే. పందులకి తేక తప్పదు... అందుకని కొత్త బస్తా వస్తే ముందు తనే చిటికెడు నోట్లో వేసుకునేది. సాయంత్రం దాకా ఆగి, అప్పుడు తొట్టిలో కలిపేది. ఆ రోజుల్లో బళ్లో నాకొక్క ముక్క ఎక్కేది కాదు. గంట కొట్టగానే పరుగున ఇంటికొచ్చి, అమ్మ నిలబడి కనిపిస్తేనే పుస్తకాల సంచీ దించేదాన్ని.

ఇప్పుడు అందరం అదే ఊళ్లో, ఝపటాపూర్‌లో ఉంటున్నాం. దడి లేదు, పందుల్లేవు. తెలగపిండి ఆరోగ్యానికి మంచిదంటూ రంగుల ప్యాకెట్లలో వస్తోంది. మా అమ్మాయి సరదాపడి కొనుక్కొస్తే, ఇవాళ పొద్దున్న ములగాకు వేసి వండాను.

కంచాలు పెట్టేలోపే అమ్మ గిన్నె తన వైపు లాక్కుంది. ఓ ముద్ద తిని, మూత పెట్టేసింది.

"సాయంత్రం తిందురు గాని, ఆగండి."

మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు... బళ్లో కూర్చున్నప్పటి ఆ భయమే మళ్లీ పట్టుకుంది.

మీ ఇంట్లో మీకంటే ముందు తిని చూసింది ఎవరు? రాయండి, అన్నీ చదువుతాను... పొద్దుగూకేదాకా నేను అమ్మ పక్కనే కూర్చుని ఉంటాను.