చౌక్తడాలో మౌన భోజనం

శనివారం మధ్యాహ్నం, నగరానికి నది అవతలున్న తన్లిన్‌లోని మా గదికి ఒక చీటీ వచ్చింది. పబేడాన్‌లో పప్పుల కొట్టు నడిపే అప్పన్న దాన్ని మా ఊరి బస్సెక్కే మనిషి చేతికిచ్చి పంపాడు. బర్మీస్‌లో నాలుగే ముక్కలు: "మంగళవారం మాకు వసంతం ముందురోజు. ఆ సాయంత్రమే ఇల్లు ఖాళీ చేస్తున్నాను. భోజనానికి రండి. సచికో."

సచికో గారిది జపాను. నగరం నడిబొడ్డున చౌక్తడాలో, కోర్టుల వెనక ఒక పాత మేడ మూడో అంతస్తులో, ఆరుగురు పట్టే భోజనశాల నడిపేవారు. ఋతువు మారితే అక్కడ వంట మారేది. వేసవి మొదట్లో ఉప్పులో ఊరిన ఆకు చుట్టిన మిఠాయి, ఎండలు ముదిరాక మంచునీళ్ళలో తేలే సన్నని సేమ్యా, వానలు తగ్గాక చంద్రుణ్ణి చూస్తూ తినే బియ్యప్పిండి ఉండలు. రెండేళ్ళపాటు ఒక్క ఋతువూ తప్పలేదు నేను.

తర్వాత ఒక వెన్నెల సాయంత్రం, పుట్టగొడుగుల చారు సగం తాగి, ఇంత రుచి ఎలా వచ్చిందని అడిగాను. ఎండు చేపను పల్చగా చెక్కి, అది ఊరిన నీళ్ళతో కాచానని ఆవిడ సంతోషంగా చెప్పారు. ముక్క లేదు కాబట్టి అది చేప కాదని ఆవిడ ఉద్దేశం. మాది నాలుగు తరాలుగా నీసు ముట్టని ఇల్లు. గిన్నె కింద పెట్టి, "మా ఇంట్లో పనివాళ్ళు కూడా దీన్ని ముట్టరు" అన్నాను, మిగిలిన అయిదుగురి ముందు. ఆవిడ నుదురు చాపకు ఆనేలా వంగారు. నేను మెట్లు దిగి వచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్ళు మళ్ళీ వెళ్ళలేదు.

ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఈ ప్రయాణం. మా ఇంట్లో క్షమించమని అడిగే అలవాటు లేదు. మా పప్పు మిల్లులు ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న రోజున మా నాన్నగారు తాళాలు అధికారి బల్లమీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా నడిచి వచ్చారట. మనవాళ్ళు ఓడలెక్కి విశాఖపట్నం పోతున్నా ఆయన కదల్లేదు. ఇప్పుడు ఆ ఇంటిపేరుతో ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే.

సోమవారం తెల్లవారేసరికి దేశం సైన్యం చేతిలో ఉంది. మహమ్మారి వల్ల ఏడాదిగా అరకొరగా ఎగురుతున్న విమానాలు పూర్తిగా ఆగాయి. ఫోన్లు మూగబోయాయి. ఆవిడ ఉన్నారో లేదో వెళ్ళి చూడటమే దారి.

మంగళవారం రెండు నలభైకి బస్సెక్కాను. ఈ దారిన వచ్చేవారు చిల్లర సరిగ్గా ఉంచుకోవాలి. డ్రైవరు పక్కనున్న డబ్బాలో వెయ్యడమే, తిరిగి ఇవ్వరు. వంతెన మొదట్లో లారీలు అడ్డుగా నిలిచి అరగంట ఆలస్యమైంది. సగం సీట్లు ఖాళీ. ఉన్నవాళ్ళు మాస్కుల వెనక మాట్లాడకుండా కూర్చున్నారు. నగరంలో సూలే పగోడా దగ్గర దిగేసరికి నాలుగున్నర.

అక్కణ్ణుంచి పబేడాన్‌కి నడిచాను. నన్ను చూడగానే అప్పన్న లేచాడు.

"ఏటి బావుగోరూ, ఊరు ఇలాగుంటే వొచ్చీసినారా? బయం నేదా?"

"సచికో గారు ఉన్నారా?"

"ఉన్నాది. పొద్దున్న వొచ్చి ఏపిన సెనగలు అట్టుకెల్నాది. తినడానికి కాదంట, దెయ్యాల మీదకి ఇసరడానికంట. ఈ ఊర్లో దెయ్యాలికి కేజీ ఏటి సాల్తాదమ్మా, బస్తా అట్టుకెల్లు అన్నాను." నవ్వి, బల్ల తుడిచాడు. "కూకోండి, టీ తాగుదురు."

"నిలబడే బాగుంది."

"మీ తాతగోరూ అంతేనంట. ఆయన కోసం కుర్సీ తుడిసి తుడిసి మా తాత సెయ్యి అరిగిపోనాది. సర్లెండి. ఈసారైనా ఆవిడ ఎట్టింది తింటారా, మల్లీ లేసొచ్చేస్తారా?"

చౌక్తడా దారి పట్టాను.

ఆరు గంటలకు సచికో గారి తలుపు తట్టాను. గదిలో తాళ్ళు కట్టిన పెట్టెలు, ఒక చాప, ఒక పొట్టి బల్ల. అంతే మిగిలాయి. విమానం ఎప్పుడో తెలియదని, అప్పటిదాకా విమానాశ్రయం పక్క హోటల్లో ఉంటానని, ఏడింటికి కారు వస్తుందని చెప్పారు.

"మిగతావాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. మీరు వస్తారనుకోలేదు."

నా దోసిట్లో సెనగలు పోశారు. చలికాలపు చివరి సాయంత్రం ఇంట్లో దెయ్యాలను ఇలా తరిమితేగాని వాళ్ళ వసంతం లోపలికి రాదట. ఆవిడ కిటికీలోంచి విసిరి, "దెయ్యాలు బయటికి! అదృష్టం లోపలికి!" అని అరిచారు. కింద సైకిలు రిక్షా అతను తలెత్తి, "ఇంకా గట్టిగా, పిన్నీ! నగరసభ దాకా పడాలి!" అన్నాడు. సైనికులు దిగింది ఆ భవనంలోనే. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

బల్ల ముందు కూర్చున్నాక మొదలుపెట్టాను. "ఆ రోజు నేను..."

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. సముద్రపు నాచు రేకులో చుట్టిన పొడుగాటి అన్నపు చుట్ట ఒకటి నా చేతికిచ్చారు. దాన్ని కొయ్యకూడదు. ఆ ఏడాదికి మంచిదనే దిక్కుకు తిరిగి, మొదటి కాటు నుంచి చివరిదాకా ఒక్క మాట మాట్లాడకుండా తినాలి. మాట్లాడితే అదృష్టం జారిపోతుందట.

"అడిగేదేమైనా ఉంటే ముందే అడగండి," అని తలదించుకున్నారు.

చుట్ట చివర అన్నం మధ్య ఏదో గోధుమరంగు, ఏదో పసుపు, ఒక ఆకుపచ్చ కనిపించాయి. నీసు వాసనో, నాచు వాసనో తేల్చుకోలేకపోయాను.

"ఏమీ లేదు," అన్నాను.

ఇద్దరం పక్కపక్కనే దక్షిణానికి, కాస్త తూర్పుగా తిరిగాం. ఆ దిక్కునే నది, నది అవతల మా ఊరు. అన్నం పుల్లగా, చల్లగా ఉంది. మధ్యలో తియ్యగా ఒకటి తగిలింది. తర్వాత సాగే ముక్క ఒకటి. నమిలి మింగాను. పదిహేను నిమిషాలు పట్టింది. అంతసేపు మరో మనిషి పక్కన కూర్చుని తినడం మా అమ్మ పోయాక అదే మొదలు.

ఆవిడ నాకంటే ముందే ముగించారు. నేను చివరి ముద్ద మింగేదాకా నా వైపు చూడలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఏదో అనబోయారు."

కింద కారు హారను మోగింది.

"అన్నం బాగుంది," అన్నాను.

"మీరు మొత్తం తినేశారు," అన్నారావిడ, నా ఖాళీ చేతులు చూస్తూ. తర్వాత డ్రైవరు పెట్టెల కోసం పైకి వచ్చాడు.

ఏడు ఇరవైకి తిరుగు బస్సు దొరికింది. జపాను వంట గురించి తెలుసుకోవాలని బయల్దేరేవారికి చెప్పేదేమిటంటే, వాళ్ళు కాలాన్ని పళ్ళెంలో పెట్టి ఇస్తారు. ఆ కాలం గడిచాక అది మళ్ళీ దొరకదు. వెళ్ళవలసిన చోటికి ఋతువు ఉండగానే వెళ్ళండి. నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను.

సరిగ్గా ఎనిమిదింటికి రోడ్డుకి రెండువైపులా ఇళ్ళలోంచి గిన్నెలు, పళ్ళేలు, రేకులు మోగడం మొదలైంది. ఈ దేశంలో చెడును తరిమేది ఇలాగే. డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. నా పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ పిల్ల క్యారేజీ మూత తీసి కిటికీ ఊచల మీద కొట్టింది. చేతులు నొప్పెట్టాక ఆపి, ఇక్కడ ఎవరైనా ఎవరినైనా పలకరించే తీరులో పలకరించింది.

"భోజనం అయిందా, బాబాయ్?"

"అయింది."

"ఎక్కడ?"

"స్నేహితురాలింట్లో."

"ఏం పెట్టారేంటి?"

"అడగలేదు," అన్నాను.