మోతికి పోసిన మందునీళ్లు

పుష్పమ్మ శుభ్రం ముందు ఎవరి ఆటలూ సాగవు. బిజినేపల్లికి రెండు మైళ్ల దూరంలో ఓ పల్లె చివర రేకుల ఇల్లు ఆమెది. వాకిట్లో పుల్ల కనిపించకూడదు. ఆదివారం ప్రార్థనకు పోయే ఇల్లాయె, శనివారం పొద్దుగూకేలోపు బట్టలు, మొగుడు, కుక్క అన్నీ తేటగా ఉండాల్సిందే! మొగుడు యోసేపైనా అప్పుడప్పుడు తప్పించుకునేవాడు గానీ, ఎర్రకుక్క మోతికి మాత్రం స్నానం తప్పేది కాదు. గుంజకు కట్టేసి, బట్టలసబ్బుతో రుద్ది, పాత దువ్వెనతో దువ్వి, చెవుల్లోకి తొంగిచూసి మరీ వదిలేది. పిల్లల్లేని ఇల్లు. ఆ కుక్కంటే ఆమెకు ప్రాణం, పైకి మాత్రం అన్నీ తిట్లే.

రెండువేల నాలుగులో వానలు పడ్డాక మోతికి గోమార్లు పట్టాయి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బాయి. పుష్పమ్మ ఒక్కొక్కటే పీకి కిరసనాయిల్లో వేసింది. నాలుగు పీకితే పది పట్టేవి. వేపాకు నీళ్లు పోసినా లాభం లేకపోయింది.

పత్తిచేలల్లో పురుగుమందు కలపడం, కొట్టడం పుష్పమ్మకు పదేళ్ల కూలిపని. పటేలు ఎద్దులకు గోమార్లు పడితే ఆ మందే నీళ్లలో కలిపి తుడవడం కళ్లారా చూసింది. ఇంకేం! సీసా అడుగున మిగిలింది తెచ్చి బకెట్లో ఒంపి, చేత్తో కలిపింది.

"ఏందే గది? కుక్కకు పోస్తవా?" అన్నాడు యోసేపు.

"ఎద్దులకు పోస్తలేరా? నువ్వు జర నోరు మూసుకో."

మందు ఆరేదాకా నాకకుండా ఎద్దుల మూతికి చిక్కం కడతారన్న సంగతి ఆమెకు తట్టలేదు. మందునీళ్లతో తడిసిన మోతి ఎండలో కూర్చుని తీరిగ్గా ఒళ్లంతా నాక్కుంది.

అరగంట తిరక్కుండానే నోట్లోంచి చొంగ కారింది. వాంతి చేసుకుని, వణుకుతూ పక్కకు ఒరిగిపోయింది. "అయ్యో, నా చేతులిరగ! నేనే సంపుకుంటి గదా!" అని పుష్పమ్మ తల బాదుకుంది. యోసేపు కుక్కను గోనెసంచిలో చుట్టి ఆటో ఎక్కించాడు. ఆటో పశువుల దవాఖాన ముందు ఆగేదాకా ఆమె దాని పొట్ట మీద చెయ్యి తియ్యలేదు.

కాంపౌండర్ తిరుపతయ్య వాసన చూడగానే సంగతి పట్టేసి సూది వేశాడు.

"సబ్బుపెట్టి మందంత కడగాలె. ఆగమ్మా, ఉత్తచేతులతోని ముట్టకు! తోలుమీద పడ్డా లోపలికి పోతది," అంటూ ఆమెకు రెండు ప్లాస్టిక్ కవర్లు ఇచ్చాడు.

చేతులకు అవి తొడుక్కుని పుష్పమ్మ ఎనిమిది బకెట్ల నీళ్లు పోసింది. ఇంకో సూది పడ్డాక చొంగ ఆగింది. కాసేపటికి మోతి తల ఎత్తింది.

"బతికిందే! లే, ఇంటికి పోదాం," అన్నాడు యోసేపు, పట్టలేని సంతోషంతో.

పుష్పమ్మ కూర్చున్న చోటినుంచి కదలలేదు. మందు కొట్టిన ప్రతి సాయంత్రం తనకూ కళ్లు తిరిగేవి, నోట్లో నీళ్లూరి వాంతయ్యేది, చేతులు వణికేవి. ఎండదెబ్బ అనేవారు అందరూ. మజ్జిగ తాగి పడుకుని, తెల్లారి మళ్లీ చేనికి పోయేది.

"సారూ, గీ వణుకుడు, గీ కక్కుడు నాకు గూడ గిట్లనే అయితది," అంది తిరుపతయ్యతో.

అప్పుడామె మొగుడి వైపు తిరిగింది. "దీన్నైతే గంటల ఉరికించుకొస్తిమి. పదేండ్ల సంది నన్నొక్కనాడన్న తెస్తివా?"