మామగారిని ఏరియల్ చేసిన అల్లుణ్ణి

మా మామగారిని నేను ఒకసారి పావుగంటసేపు అటక మీద గొంతుక్కూర్చోబెట్టాను. చేతికి రాగి తీగ ఇచ్చి, కదలొద్దని చెప్పి మరీ కూర్చోబెట్టాను. ఆయన జన్మలో ఒకే ఒక్కసారి రేడియోలో మాట్లాడారు. సరిగ్గా ఆ పావుగంటే అది. ఇదంతా చదివాక, నాకు పిల్లనిచ్చిన ఆ పెద్దమనిషి మీద మీకు జాలి కలిగితే నేనేమీ అనుకోను. నాకూ ఆయన మీద జాలే.

అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లలు నేను ఏం చెబితే అది నోట్సులో రాసుకునేవారు కాబట్టి, ప్రపంచంలో మిగతావాళ్లు కూడా రాసుకుంటారనే అనుకునేవాణ్ణి. ఆ భ్రమతోనే వేసవి సెలవులకి అత్తవారింటికి, నిడదవోలు పక్కనున్న పల్లెటూరికి వెళ్లాను.

మా వైపు కొత్త అల్లుడికి జరిగే మర్యాద ఎలాంటిదో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెబుతాను. కొత్త అల్లుడు పడమర చూపించి తూర్పంటే, ఇంటిల్లిపాదీ అటు తిరిగి దణ్ణం పెడతారు. కాదనడం మర్యాద కాదు. నేను వస్తున్నానని హాల్లో పాత లైటు పీకించి, పెళ్లిపందిరికి సరిపడా వెలుగిచ్చే కొత్త ఎల్ఈడీ ట్యూబ్‌లైటు పెట్టించారు. చుట్టూ గదులున్న హాలు కాబట్టి అది పగలు కూడా వెలగాల్సిందే. మామగారు మాత్రం కరెంటు విషయంలో మహా జాగ్రత్త. కుర్చీలోంచి లేచారంటే లైటు కట్టేసి ఆర్పకుండా గది దాటరు. వెనక్కి వచ్చి చూసి, అయ్యో అల్లుడుగారు చీకట్లో ఉండిపోయారే అని నొచ్చుకుని మళ్లీ వేసేవారు. రోజుకి పదిసార్లు ఇదే తంతు.

ఆయన అరటి రైతు. గాలివానలకి చెట్లు పడిపోకుండా వెదుర్లతో ఊతం కట్టడంలో ఆయన చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. అది విని రేడియోవాళ్లు పిలిచి మాట్లాడించి, రికార్డు చేసుకున్నారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, తడబడి ఉంటే నవ్వుతారని. ఇంట్లో మాత్రం రోజూ నాలుగుసార్లు చెప్పేవారు.

"నా గొంతు బయటినుంచి ఎలా ఉంటదో ఎప్పుడూ వినలేదండి. ఒక్కసారి వినాలనుందండి," అన్నారు నాతో, చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ.

ఫోన్లో వినొచ్చు కదా అంటారేమో. ఆ ఇంట్లో నెట్ రావాలంటే ఫోను పట్టుకుని గేదెల పాక దాకా నడవాలి. పైగా మామగారికి రేడియో అంటే బీరువా పక్కన బల్ల మీదున్న ఆయన రేడియోనే. ఆ రేడియో ఏమో నేను వచ్చిన రోజు నుంచీ ఒకటే గరగర.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకి కార్యక్రమం. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను గొంతు సవరించుకుని, సిగ్నల్ బలహీనంగా ఉందని, అటక మీద ఏరియల్ కడితే అద్దంలా వస్తుందని ప్రకటించాను. అత్తగారు పెరుగు వడ్డిస్తూ, "అది కాదు బాబూ," అని ఏదో అనబోయారు.

"మీకు తెలీదు అత్తయ్యగారూ, ఇది ఫ్రీక్వెన్సీకి సంబంధించిందండి," అన్నాను.

ఆవిడ నవ్వి, ఇంకో గరిటె పెరుగు వేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ గరిటె దగ్గరే నేను ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు.

వెదురు బద్దకి రాగి తీగ రెండు ముక్కలుగా బిగించాను. ఒక్కోటి ముప్పావు మీటరు, లెక్క కట్టి మరీ కోశాను. పాత టీవీ కేబుల్ ఒకటి దొరికితే దాన్ని కలిపి, రెండో కొస రేడియోకున్న ఏరియల్ కర్రకి తగిలించాను. వంటింటి పక్క వసారాలో నిచ్చెన వేసుకుని, కొత్త ఆవకాయ జాడీల మధ్యనుంచి పాకి, దూలానికి రెండుసార్లు తల కొట్టుకుని ఏరియల్ కట్టాను. కిందకి వచ్చి రేడియో పెడితే అదే గరగర.

ఏరియల్ ముఖం స్టేషనున్న రాజమండ్రి వైపు తిప్పాలన్నాను. నేను రేడియో దగ్గర ఉండి వినాలి. నా భార్య సుధకి అయిదో నెల. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మిగిలింది మామగారు. ఆయన సంతోషంగా కుర్చీలోంచి లేచి, అలవాటు ప్రకారం లైటు కట్టి, వెళ్లి నిచ్చెన ఎక్కారు. ఆయన తీగ పట్టుకున్నారో లేదో, రేడియో గంట కొట్టినట్టు పలికింది. తీగ అలాగే బిగించేసి దిగి రమ్మన్నాను. ఆయన వచ్చి, లైటు వేసి, కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ గరగర. మళ్లీ పంపాను. మళ్లీ అద్దంలా వచ్చింది. మూడుసార్లూ అంతే.

అప్పుడు నాలోని ఫిజిక్స్ మాస్టారు మేల్కొన్నాడు. మనిషి శరీరం కూడా ఏరియల్‌లో భాగమవుతుందని, మామగారి ఒడ్డూ పొడుగూ ఆ స్టేషనుకి అచ్చంగా సరిపోయిందని వివరించాను. సుధ అనుమానంగా చూసింది. మామగారు మాత్రం తన ఒంట్లో అంత విశేషం ఉందని తెలిసి పొంగిపోయారు.

ఆరున్నర కావస్తోంది. ఆయన ఇంకోసారి లైటు కట్టి అటకెక్కారు. కార్యక్రమం మొదలై ఆయన పేరు చెప్పారు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. సుధ ఫోన్లో రికార్డింగు నొక్కింది.

"గెల బరువెక్కే వేళకి చెట్టు తనంతట తాను నిలబడలేదండి," అంటోంది రేడియోలో మామగారి గొంతు. "ఊతం మనమే ఇవ్వాలండి. ఆ ఊతం కదిలిందా, మొత్తం పోయినట్టేనండి."

అంతలో కొంచెం గరగర వినిపించినట్టు నాకు తోచింది. "కదలకండి మావయ్యగారూ," అని అటక వైపు కేకేశాను.

రెండు గోడల అవతలినుంచి, ఆవకాయ జాడీల మధ్యనుంచి సన్నగా వినిపించింది. "ఏం చెబుతున్నానండీ నేను?"

"చాలా బాగా చెబుతున్నారండి. కదలకండి."

పావుగంటా అలాగే గడిచింది. అయ్యాక ఆయన దిగి వచ్చారు. జుట్టునిండా బూజు, చొక్కా మీద ఆవకాయ నూనె, మొహాన ఇంత నవ్వు. వస్తూనే లైటు వేశారు. రేడియోలో వస్తున్న పాట గరగరలో కలిసిపోయింది.

అత్తగారు నెమ్మదిగా లేచి లైటు కట్టారు. పాట అద్దంలా వచ్చింది. వేశారు, గరగర. కట్టారు, పాట.

తీగ, కేబుల్, ఒడ్డూ పొడుగూ అన్నీ నా కళ్లముందే కూలిపోయాయి. తలెత్తలేకపోయాను.

"ఆ కొత్త లైటు పెట్టిన కాణ్ణుంచే గరగర బాబూ," అన్నారు అత్తగారు, తప్పంతా ఆవిడదే అయినట్టు. "మధ్యాహ్నం చెబుదామనే అనుకున్నాను. కానీ మీ కోసమని పెట్టించిన లైటు. దానివల్లే తేడా అంటే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను. తీగ కడితే ఎలాగూ పోతుందన్నారు కదా."

నేను నొచ్చుకోకూడదని ఆ ఇంట్లో రేడియో నోరే మూసేశారన్నమాట.

అప్పుడు సుధ, "నేను రికార్డు చేశాను నాన్నా," అంది. నా ప్రాణం లేచి వచ్చింది. మామగారు జుట్టు దులుపుకుని, ఎందుకో కళ్లజోడు కూడా పెట్టుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. రికార్డింగు ఆయన పేరుతోనే మొదలైంది. ఆ తర్వాత గెల బరువెక్కింది. ఆ తర్వాత నా కేక. ఫోను పక్కనే కూర్చున్నాను కదా, ఆయన ఒక్కో సలహా ఇవ్వబోవడం, నేను దాని మీద పడి "కదలకండి" అనడం. నిమిషానికి రెండుసార్లకి తక్కువ కాకుండా, చివరి దాకా.

ఆయన మొత్తం విన్నారు. కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"బాగుందండి," అన్నారు ఎంతో మర్యాదగా. "కానీ అల్లుడుగారూ, నా గొంతుకంటే మీ గొంతే బాగా వచ్చిందండి."

ఆ అటక మీది ఆవకాయ జాడీల సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఇంట్లోనూ, ఏ అటకా ఎక్కను, ఎవరినీ ఎక్కించను. అత్తగారు "అది కాదు బాబూ" అన్నారంటే, ఫిజిక్స్ పుస్తకం మూసి, చేతులు కట్టుకుని, రెండో ముక్క కోసం ఎంతసేపైనా కదలకుండా కూర్చుంటాను.